21 రోజుల లెక్క

"ఎలా ఉన్నారమ్మా?" అని డాక్టర్ అడుగుతారు. "బాగానే ఉన్నానండీ" అంటుంది అమ్మ. వరసగా నాలుగు రాత్రులు మంచానికీ బాత్రూమ్‌కీ మధ్యే తిరిగిన మనిషి ఆ మాట అంటుంది. ఓపీలో దొరికేవి కొద్ది నిమిషాలు. ఆ ఒక్క మాటతో అవి అయిపోతాయి. మందు మోతాదు మారదు, వాంతుల మాత్ర మారదు, వచ్చే కీమో సైకిల్‌లో అదే బాధ మళ్లీ వస్తుంది.

పెద్దవాళ్లు దాచడానికి కారణాలున్నాయి. పిల్లల సెలవులు అయిపోతున్నాయన్న బెంగ, ఖర్చు పెరుగుతుందన్న బెంగ. వీటన్నిటి కింద ఇంకో భయం ఉంటుంది: బాధ చెబితే మందు ఆపేస్తారేమో, ఆపితే జబ్బు తిరగబెడుతుందేమో అని. ఈ భయాన్ని మొదటి వారంలోనే డాక్టర్ చేత తీర్పించండి. "మా అమ్మ బాధ చెబితే మీరు ఏం చేస్తారు?" అని ఆమె ముందే అడగండి. చాలాసార్లు జవాబు ఆపేయడం కాదు. ఇంకో మాత్ర చేర్చడమో, మోతాదు కాస్త తగ్గించడమో, వారం ఆగి ఎక్కించడమో ఉంటుంది. ఆ మాట డాక్టర్ నోటి నుంచి వింటే ఆమె నోరు తెరుస్తుంది.

ధైర్యం చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు. లెక్క రాసేవాళ్లే ఉండరు. కొడుకో కూతురో కోడలో ఒకరు ఆ పని పట్టుకోవాలి. ఈ అధ్యాయం వాళ్ల కోసం.

ఏ రోజు ఏది

వేగంగా రెండుగా చీలే కణాలను దెబ్బతీయడం పాత కీమో మందుల పద్ధతి. క్యాన్సర్ కణం అలాంటిదే. కానీ ఎముకల్లోని మజ్జ, వెంట్రుకల కుదుళ్లు, నోటి నుంచి పేగుల దాకా ఉండే లోపలి పొర కూడా అలాంటివే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులు తయారుచేసింది. వాటితోనే 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలమైనా లొంగదీశారు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. దానితో ఇప్పటికీ నోరు పూస్తుంది. మందు పనిచేసే తీరులోనే ఆ బాధ ఉంది.

మేలేమిటంటే, ఒక్కో అవయవం తన సమయానికి దెబ్బతిని తన సమయానికి కోలుకుంటుంది. అందుకే బాధలు చాలావరకు తేదీల ప్రకారం వస్తాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. రొమ్ము క్యాన్సర్‌కు తరచుగా డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి 21 రోజులకోసారి నాలుగు సార్లు ఎక్కిస్తారు. ఆ తరవాత పాక్లిటాక్సెల్‌ను చాలాచోట్ల వారం వారం 12 సార్లు ఇస్తారు. డాక్సోరూబిసిన్ రంగే ఎరుపు. ఎక్కించిన రోజూ మర్నాడూ మూత్రం ఎర్రగా వస్తుంది. ఇది తెలియక రక్తం పోతోందని హడలిపోయిన ఇళ్లు ఎన్నో. మొదటి ఐదు రోజులు వికారం, వాంతులు. ఏడో రోజు నుంచి పధ్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోయే కాలం. మూడో వారంలో ఆకలి వస్తుంది, ముఖం తేటపడుతుంది. ఇంట్లో ముఖ్యమైన పనులేవైనా, ఆమె వెళ్లాలనుకున్న పెళ్లయినా, ఆ వారంలో పెట్టుకోండి.

మీ ఇంట్లో వాడే మందు వేరే కావచ్చు. సైకిల్ 14 రోజులది కావచ్చు. డే కేర్ నర్సును కూర్చోబెట్టి అడగండి: "ఈ మందుకు ఏ రోజుల్లో ఏం వస్తుంది?" గోడ మీద క్యాలెండర్ తీసుకుని ఎక్కించిన తేదీని 1 అని గుర్తుపెట్టి, అక్కణ్నుంచి అంకెలు వేసుకుంటూ వెళ్లండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. రోజుకో నాలుగు లైన్లు చాలు: జ్వరం ఎంత, వాంతులు ఎన్ని, విరేచనాలు ఎన్ని, ఏం తింది, వారానికోసారి బరువు. "ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబు మీకు తెలుసు. "పొద్దుట్నుంచి ఎన్నిసార్లు వెళ్లావు? ఇడ్లీ ఎన్ని తిన్నావు?" అని అడగండి. అంకె అడిగినచోట "బాగానే" అన్న మాటకు చోటుండదు.

ఇంకో సంగతి. డాక్టర్ గదిలోకి ఫైలు పట్టుకుని వెళ్లేది సాధారణంగా కొడుకు. రాత్రులు మేలుకుని బకెట్ పట్టేది కోడలో, కూతురో, నాన్నో. రాత్రి చూసిన మనిషి లోపలికి వెళ్లాలి. కుర్చీ ఒకటే ఉంటే కొడుకు నిలబడొచ్చు.

వాంతుల మాత్రలు, పోపు ఘాటు

వాంతుల మాత్ర వాంతి వచ్చాక వేసుకునేది కాదు. రాసిచ్చినన్ని రోజులూ గడియారం ప్రకారం వేయాలి, కడుపులో హాయిగా ఉన్నా సరే. మొదటి రోజు ఏమీ లేదు కదా అని మానేస్తే రెండో రోజు, మూడో రోజు పట్టుకుంటుంది. ముఖ్యంగా సిస్‌ప్లాటిన్ ఎక్కినవాళ్లకు ఆ ఆలస్యంగా వచ్చే వాంతులే ఎక్కువ బాధ. ఒండాన్‌సెట్రాన్ వాంతులను ఆపుతుంది కానీ మలబద్ధకం తెస్తుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే అమ్మ అది కూడా చెప్పదు. దానికి మందు ముందే రాయించుకోండి. రాత్రికి ఒలాంజపిన్ రాస్తే కంగారు పడొద్దు. ఫోన్‌లో వెతికితే అది మానసిక వ్యాధుల మందు అని కనిపిస్తుంది, వెంటనే ఎవరో ఒకరు మాన్పించేస్తారు. చిన్న మోతాదులో దాన్ని వాంతులకు ఇస్తారు. మగతగా ఉంటుంది కాబట్టి రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు తోడుండాలి.

వాంతులకే ఇచ్చే డెక్సామెథసోన్ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లు చాలామంది. ఈ స్టెరాయిడ్ వాడే రోజుల్లో షుగర్ బాగా పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఊరికే చిరాకు వస్తుంది. గ్లూకోమీటర్‌తో ఆ రోజుల్లో చూసి రాయండి. తరవాత దీనికి ఎదురు పరిస్థితి వస్తుంది: తిండి సహించని రోజున షుగర్ మాత్ర మాత్రం అలవాటుగా వేసేస్తారు, షుగర్ పడిపోయి చెమటలు పడతాయి. తినని రోజు ఆ మాత్ర సంగతి ఏం చేయాలో ముందే అడిగి పుస్తకంలో రాసుకోండి.

పోపు ఘాటు, అన్నం ఉడికే వాసన, అగరుబత్తి, ఫినాయిల్ ఇవన్నీ ఆ ఐదు రోజులూ శత్రువులే. వంట ఆమె గదికి దూరంగా చేయండి. వేడివేడిగా పెడితే ఆవిరితో పాటు వాసన కొడుతుంది. చల్లారిన ఇడ్లీ, మజ్జిగన్నం, జావ నయం. రోజుకు మూడు భోజనాలు కాదు, ఆరుసార్లు ఆరు ముద్దలు. నోట్లో ఇనుప రుచి వస్తోందంటే స్టీలు చెంచా తీసేసి ప్లాస్టిక్‌దో చెక్కదో ఇవ్వండి. నోరు పూయకపోతే నిమ్మరసం, పల్చటి చారు రుచి తెస్తాయి. ఆమెకు బాగా ఇష్టమైన వంటకాన్ని మాత్రం ఆ ఐదు రోజుల్లో పెట్టొద్దు. వాంతితో ముడిపడిన రుచి మీద ఏళ్ల తరబడి విరక్తి మిగిలిపోతుంది. ఒక పూటంతా నీళ్లు, మాత్రలు కూడా నిలవకపోతే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. రేపటిదాకా చూద్దాం అనకూడదు.

అన్ని మందులకూ ఒకే నియమం పనికిరాదు. పేగు క్యాన్సర్‌కు ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్న నాన్నకు చల్లటివి అసలు పనికిరావు. ఎక్కించాక కొన్ని రోజులపాటు ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లు జిల్లుమంటాయి, చల్లటి మజ్జిగ తాగితే గొంతు బిగుసుకుపోయినట్టవుతుంది. ఆయనకు గోరువెచ్చటివే ఇవ్వాలి. ఐరినోటెకాన్ అయితే విరేచనాలు. మామూలు కన్నా నాలుగుసార్లు ఎక్కువైతే ఫోన్ చేయండి, ఈలోపు ఓఆర్ఎస్ పడుతూ ఉండండి.

ఎక్కించిన 48 గంటలూ వాంతి, మూత్రం, మలంలో మందు ఉంటుంది. శుభ్రం చేసేవాళ్లు గ్లోవ్స్ వేసుకోవాలి. కమోడ్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని, కీమో మాత్రలు ముట్టుకోవడం ఆమెకు వద్దు. ఇంతవరకే జాగ్రత్త. పక్కన కూర్చోవచ్చు, కలిసి తినొచ్చు, మనవడు వచ్చి నాన్నమ్మను కౌగిలించుకోవచ్చు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి ఆమెను చిన్నబుచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

రెండో వారం జ్వరం

ఈ పుస్తకంలో ఒక్క పేజీయే గుర్తుంటుందంటే ఇది గుర్తుండాలి.

ఎముక మజ్జ దెబ్బతిన్న సంగతి వెంటనే తెలియదు. కొట్లో ఉన్న సరుకుతో కొన్నాళ్లు గడుస్తుంది, కొత్త లోడు రాలేదన్న సంగతి సరుకు అయిపోయాకే బయటపడుతుంది. తెల్లకణాల సరుకు వారానికి అయిపోతుంది. అందుకే ఏడో రోజుకు మనిషి చూడటానికి తేరుకున్నట్టే ఉంటుంది, సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేయిస్తే కౌంట్ పడిపోయి ఉంటుంది. ఆ వారంలో వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు లేని ఒంట్లో సూక్ష్మజీవి గంటల్లో రక్తంలోకి పాకుతుంది. చీము పట్టడానికి, వాపు రావడానికి కూడా తెల్లకణాలే కావాలి. అవి లేవు కాబట్టి బయటికి జ్వరం తప్ప ఇంకేమీ కనిపించకపోవచ్చు.

డిజిటల్ థర్మామీటర్ కొనండి. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది లెక్కలోకి రాదు. 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ చూపిస్తే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. జ్వరం లేకుండా చలితో వణుకు పుట్టినా అంతే. పారాసెటమాల్ వేసి పొద్దుటిదాకా చూద్దాం అనుకోవద్దు. మాత్రతో అంకె దిగుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ తన పని తాను చేసుకుపోతుంది. స్టెరాయిడ్ వాడుతున్న రోజుల్లో జ్వరం అసలు బయటపడకపోవచ్చు కాబట్టి ఒక్కసారిగా నీరసపడినా, మాట తడబడినా, ఊపిరి అందకపోయినా జ్వరంగానే లెక్కవేయండి. క్యాజువాలిటీలో నోట్లోంచి మొదటి మాట "జ్వరం" అని రాకూడదు. "కీమోలో ఉన్న పేషెంట్, ఇవాళ పదకొండో రోజు, జ్వరం 101" అనండి. రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలన్నది వైద్యులు పాటించే నియమం. మీ మాట తీరును బట్టే వరసలో మీ స్థానం మారుతుంది.

ఇప్పుడు మన ఊళ్ల సమస్య. ఇచ్ఛాపురం నుంచి విశాఖ హోమీ భాభా ఆస్పత్రికి, ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జేకి వచ్చి, కీమో ఎక్కించుకుని అదే రాత్రి బస్సెక్కే కుటుంబాలున్నాయి. జ్వరం వచ్చే పదో రోజున వాళ్లు ఊళ్లో ఉంటారు. అందుకని డిశ్చార్జ్ రోజునే డాక్టర్‌ను ఒక ప్రశ్న అడిగి జవాబు రాయించుకోవాలి: "రాత్రి రెండు గంటలకు జ్వరమొస్తే మా ఊరి దగ్గర ఎక్కడికి వెళ్లాలి?" జిల్లా ఆస్పత్రి పేరు చెబుతారు, లేదా ఫలానా ఇంజెక్షన్ అక్కడ మొదలుపెట్టించి రమ్మంటారు. డిశ్చార్జ్ సమ్మరీ, మందుల పేర్లు, చివరి కీమో తేదీ, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించండి. 108 వచ్చేసరికి వెతుక్కోకూడదు. జ్వరంతో చేరితే ఆ పథకంలో వస్తుందో రాదో కూడా ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ మంచివాడే కావచ్చు. అర్ధరాత్రి తలుపు తీసేది అతనొక్కడే కావచ్చు. ఈ జ్వరానికి మాత్రం అతని దగ్గరికి వద్దు. అతనిచ్చే సూదితో జ్వరం దిగినట్టు కనిపించి విలువైన గంటలు పోతాయి. ప్లేట్‌లెట్లు తక్కువుంటే సూది గుచ్చిన కండలో రక్తం చేరి గడ్డకడుతుంది. నొప్పి మాత్రలు కూడా డాక్టర్‌ను అడగకుండా వద్దు, వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి.

కొందరికి కీమో అయిన 24 గంటల తరవాత కౌంట్ పెరగడానికి ఇంజెక్షన్ రాస్తారు. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కాబట్టి బస్సులో చేతిసంచీలో పెట్టుకుని వెళ్లకూడదు, ఐస్ ప్యాక్ డబ్బా అడిగి తీసుకోవాలి. వేసుకున్నాక ఎముకలు పీకుతాయి. మజ్జ పనిచేస్తోందన్నమాట, భయం లేదు.

పథ్యం చెప్పేవాళ్లు

కీమో మొదలైందని తెలియగానే చుట్టాలు హార్లిక్స్ సీసాతో, సలహాలతో దిగుతారు. వంకాయ వద్దు, గుడ్డు వేడి, పెరుగు జలుబు, తీపి తింటే క్యాన్సర్‌కు మేత. అందరి మాటా వింటే అమ్మకు మిగిలేది చారన్నం. బరువు తగ్గుతూ పోతే కీమోను తట్టుకునే శక్తే తగ్గుతుంది. దెబ్బతిన్న కణాలు తిరిగి కట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి: పప్పు, బాగా ఉడికిన గుడ్డు, చేప, చికెన్, కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు. షుగర్ ఉన్నవాళ్లు తీపి విషయంలో తమ పాత నియమాలు పాటించాలి, అంతకుమించి క్యాన్సర్ కోసం కొత్తగా తీపి మానక్కర్లేదు.

నిజంగా మానాల్సినవి ఎవరూ చెప్పరు. రెండో వారంలో పచ్చివి, బయటివి వద్దు. బండి మీద కొబ్బరి చట్నీ, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, చెరకు రసం, మొలకలు. శ్రీరామనవమి ఆ వారంలో పడితే నానబెట్టిన వడపప్పు కూడా ఆ కోవలోదే. కళ్లకద్దుకుని పక్కనున్నవాళ్లకు ఇచ్చేయమనండి, దేవుడు ఏమీ అనుకోడు. తిప్పతీగ, బొప్పాయి ఆకు రసం, ఊరూపేరూ లేని కషాయాలు కాలేయం మీద, మందు పనితీరు మీద ప్రభావం చూపొచ్చు. ఎవరి సీసా అయినా ముందు డాక్టర్‌కు చూపించాలి. సందర్శకుల సంగతి కూడా మీరే తేల్చాలి. దగ్గే పిల్లాడితో వచ్చేవాళ్లనూ, "మా పెద్దమ్మకూ ఇలాగే మొదలై..." అని కథ ఎత్తుకునేవాళ్లనూ గుమ్మంలోనే ఆపండి. "డాక్టర్ గారు ఎవరినీ రానివ్వొద్దన్నారు పిన్నీ" అనేస్తే ఎవరికీ కోపం రాదు.

నోరు పూస్తే నిమ్మరసం, చారు పక్కకే. పెద్ద గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. మెత్తటి బ్రష్ వాడాలి. నోట్లో తెల్లటి పొర కనిపించినా, మింగలేకపోతున్నా ఓపీ తేదీ దాకా ఆగొద్దు.

జుట్టు

డాక్సోరూబిసిన్ లాంటి మందులతో మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా వస్తుంది. "తిరుపతిలో ఇచ్చామనుకో" అనడం అందరికీ తేలిక. మొక్కు తాను ఎంచుకుని ఇచ్చేది. ఇది అడగకుండా పోయేది. ఆ తేడా ఆమెకు తెలుసు. ముందే పొట్టిగా కత్తిరించుకుంటుందా, ఊడేదాకా ఆగుతుందా, స్కార్ఫా, విగ్గా, ఏమీ వద్దా అన్నది ఆమెను అడగండి, ఆమె చెప్పినట్టు చేయండి. తీసేయమంటే ట్రిమ్మర్ వాడండి, మంగలి కత్తి వద్దు. చిన్న గాటు కూడా ఆ రోజుల్లో ఇన్‌ఫెక్షన్‌కు దారి. కనుబొమ్మలు, రెప్పల వెంట్రుకలు కూడా పోతాయని ముందే చెప్పి ఉంచండి, దానికి ఎవరూ సిద్ధంగా ఉండరు. కీమో అయ్యాక మామూలుగా మళ్లీ వస్తుంది, మొదట్లో రంగు, ఒత్తు వేరేగా ఉండొచ్చు.

జుట్టు అందరికీ కనిపిస్తుంది. పాక్లిటాక్సెల్ తెచ్చే తిమ్మిరి ఎవరికీ కనిపించదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోవడం, చెప్పు కాలి నుంచి జారినా తెలియకపోవడం, వేడి గిన్నె పట్టుకున్నా చురుకు తగలకపోవడం. ఇవి మీరు గమనించి డాక్టర్‌కు చెప్పాల్సినవి. ఆమె చెప్పకుండా వారం వారం ఎక్కించుకుంటూ పోతే ఆ తిమ్మిరి కొందరిలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. సమయానికి తెలిస్తే మోతాదు తగ్గిస్తారు.

దూరాన ఉన్న పిల్లలకు

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లకు వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే కనిపిస్తుంది. ముఖం చూసి చిక్కిపోయావని ఏడవడం వల్ల అమ్మకు మిమ్మల్ని ఓదార్చే పని పడుతుంది. థర్మామీటర్ అంకె చూపించమనండి. రిపోర్టులు తేదీల వారీగా సర్దడం, ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడటం, రాత్రి తోడుండే ఆయాకు జీతం ఇవ్వడం, ఆ రాత్రులు కాసే తమ్ముడికీ మరదలికీ నెలలో రెండు రోజులైనా విరామం దొరికేలా చూడటం దూరం నుంచే చేయొచ్చు. రైల్లో ఆస్పత్రికి వెళ్లేవాళ్లకు ఆస్పత్రి సర్టిఫికెట్‌తో స్లీపర్, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ ఉంది. తోడు వెళ్లే ఒకరికి 75 శాతం. ఆ కాగితం పని కూడా ఫోన్ మీద మీరు నడిపించొచ్చు. అక్కడి డాక్టర్ ఫ్రెండ్ ఏమన్నాడో చెప్పి ఇక్కడున్నవాళ్లకు పరీక్ష పెట్టడం మాత్రం వద్దు.

"ఇంక నావల్ల కాదు"

మూడో సైకిల్‌కో నాలుగో సైకిల్‌కో చాలామంది ఈ మాట అంటారు. వెంటనే "అలా అనకూడదమ్మా" అని మొదలుపెట్టకండి. ఏది వల్ల కావడం లేదో అడగండి. సెలైన్ గుచ్చడానికి నరం దొరకక నాలుగుసార్లు పొడవడం కావచ్చు. అలాగైతే చర్మం కింద అమర్చే కీమో పోర్ట్ పెట్టొచ్చు. నిద్ర లేకపోవడం కావచ్చు, స్టెరాయిడ్ మాత్రను ఉదయానికి మార్చొచ్చా అని అడగొచ్చు. కొడుకు చేత మలం ఎత్తించుకున్న సిగ్గు కావచ్చు, ఆ పనికి ఒక ఆయాను పెట్టొచ్చు. పాలియేటివ్ కేర్ విభాగం పేరు వింటే ఆఖరి రోజులనుకుంటారు కానీ చికిత్స నడుస్తుండగానే నొప్పి, వాంతులు, నిద్రలేమి తగ్గించడం వాళ్ల పని. అక్కడికి తీసుకెళ్లండి.

ఇవన్నీ సర్దాక కూడా వద్దంటే, డాక్టర్ దగ్గర కూర్చోబెట్టి, ఆపితే ఏమవుతుందో సాగిస్తే ఏమవుతుందో ఆమెకే చెప్పమనండి, మీకు కాదు. నోటు పుస్తకం ఆమె చేతిలో పెట్టండి. ఆమె మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అందుకోకండి.